మూడో పిలుపు

జెరూషా లెవిట్‌కి మొగుడి పీడ వదలడానికి ఒక్క సంతకం తక్కువైంది. సభ ఆమె బిల్లును మూడుసార్లు చదివింది, మూడుసార్లూ సరేనంది. డ్రూ రేవు వాస్తవ్యురాలు జెరూషాకూ, ఆమెను ఏడేళ్ల కిందట విడిచిపోయిన జోథమ్ లెవిట్‌కూ మధ్య పెళ్లి తెగిపోయినట్టు ఎంచవలెనని ఆమె ఒక్కదాని కోసం ఒక చట్టమే తయారైంది. అమెరికాలో ఇంగ్లండు రాజుగారి ఏలుబడి కింద ఉన్న న్యూ హాంప్‌షైర్‌లో ఆడది మొగుణ్ణి వదిలించుకోవాలంటే అంత పెద్ద ఇంట్లో అంతమంది మగవాళ్లు కూర్చుని చట్టం చెయ్యాలి మరి. చేశారు. ఇక గవర్నరు గారు అడుగున తన పేరు రాస్తే చాలు. ఆయన రాయలేదు.

ఆ కబురు డీకన్ ఫర్బర్ మోసుకొచ్చాడు. డ్రూ రేవులో చర్చి పెద్ద ఆయనే, మేజిస్ట్రేటూ ఆయనే, నది దిగువన పోర్ట్స్‌మత్‌లో కూర్చునే సభకు ఊరి తరఫున వెళ్లేదీ ఆయనే. జెరూషా అర్జీ రాసిపెట్టిందీ ఆయన చెయ్యే. వాకిట్లోకి వచ్చి టోపీ తీశాడు. డీకన్ టోపీ తీశాడంటే మంచి కబురు కాదని ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

"రాజుగారి దగ్గర్నించి కొత్త ఉత్తర్వు వచ్చిందమ్మా. సముద్రానికి ఇటుపక్క ఎవరు విడాకుల చట్టం చేసినా గవర్నర్లు సంతకం పెట్టకూడదట."

జెరూషా మగ్గం ఆపింది. "రాజుగారికి నా మొగుడు తెలుసాండీ?"

"తెలీదు."

"పోనీ నేను తెలుసా?"

"నువ్వెక్కడ, నేనే తెలీదు ఆయనకి."

"మరి మా సంగతి ఆయనకెందుకు?"

"సరిగ్గా మేమూ అదే అడుగుతున్నాం," అన్నాడు డీకన్, ఆమె ఏదో గొప్ప మాట అన్నట్టు సంబరపడిపోయి. "తేయాకు పన్ను సంగతైనా అంతే, నీ సంగతైనా అంతే. అన్నీ కలిపి గట్టిగా రాయబోతున్నాం. నువ్వు ధైర్యంగా ఉండు."

ధైర్యానికేం, ఆమె దగ్గర చాలానే ఉంది. లేనిది కాగితమే. జోథమ్ కలప కొట్టడానికని తూర్పుకు వెళ్లి కెనెబెక్ నది ఒడ్డున ఇంకొకామెతో కాపురం పెట్టాడు, ఇద్దరు పిల్లలు కూడానట. ఆ కబురు విని జెరూషా ఒక చలికాలమంతా ఏడ్చింది. తర్వాత ఏడవడానికి తీరిక దొరకలేదు. తండ్రి వదిలిపోయిన ఇల్లు, పన్నెండెకరాల రాళ్ల నేల, ఒక మగ్గం, ఒక ఆవు, కూతురు డార్కస్. ఇవన్నీ తన రెక్కల మీద నిలిపింది. కానీ చట్టం దృష్టిలో ఇందులో గడ్డిపరక కూడా ఆమెది కాదు. పెళ్లి ఉన్నంతకాలం అన్నీ జోథమ్‌వే. ఇల్లూ నేలా పోతే పోయాయి, ఎవరింట్లోనైనా మూల కూర్చుని నేసుకోవచ్చు. ఆమె భయమంతా డార్కస్ గురించి. తండ్రి ఎప్పుడొచ్చి చెయ్యి పట్టుకున్నా బిడ్డ వెంట వెళ్లాల్సిందే. తల్లిని అడిగే పని లేదు. అప్పటికి డార్కస్‌కి ఎనిమిదేళ్లు. గుమ్మం ముందు ఎవరైనా కొత్త మగవాడు ఆగితే జెరూషాకు చేతిలో మగ్గం నాడె జారిపోయేది.

జూన్‌లో డీకన్ పడవలోనే ఆమె కూడా పోర్ట్స్‌మత్ వెళ్లింది. ఆ ఉత్తర్వు మీద సభ ఏదో ఒకటి తేలుస్తుందని ఆశ. సభ తేల్చిన సంగతి వేరు. మిగతా వలస రాజ్యాల సభలతో ఉత్తరాలు నడపడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. గవర్నరుకు అది కిట్టలేదు, సభను రద్దు చేసేశాడు. సభ్యులు మెట్లు దిగి, టోపీలు పెట్టుకుని, వీధి దాటి, సారాయి దుకాణం పైగదిలోకి ఎక్కి మళ్లీ కూర్చున్నారు. అదే మనుషులు, అవే గొంతులు. వాళ్ల వెంట జెరూషా కూడా కాగితం పట్టుకుని వీధి దాటింది. గుమ్మం దగ్గర డీకన్ ఆపాడు.

"ఇక్కడ కాదమ్మా. ఇది సభ కాదు."

"వాళ్లే కదండీ అందరూ?"

"వాళ్లే. కానీ సభ కాదు. మేం ఊరికే కూర్చున్నామంతే." ఆయన గొంతు తగ్గించాడు. "సభ రద్దయితే దాని ముందున్న కాగితాలన్నీ పోయినట్టే. నీ బిల్లు కూడా. కొత్త సభ వచ్చాక మళ్లీ మొదట్నించీ అర్జీ పెట్టుకోవాలి."

"మొదట్నించీ అంటే?"

"మొదట్నించీనే."

మొదట్నించీ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అర్జీ పెట్టగానే సభ ఒక విచారణ రోజు పెడుతుంది. ఫలానా ఆమె ఫలానావాణ్ణి వదిలించుకోవాలనుకుంటోంది, అభ్యంతరం ఉన్నవాళ్లు ఆ రోజు వచ్చి చెప్పుకోండని వరసగా మూడు వారాలు పత్రికలో వేయించాలి. చేపల వ్యాపారి ప్రకటనకూ, తప్పిపోయిన గుర్రం ప్రకటనకూ మధ్య మన కాపురం సంగతి అచ్చవుతుంది. చర్చిలో ఆడవాళ్లు జాలిగా చూస్తారు, మగవాళ్లు ఇంకోలా చూస్తారు. విచారణ రోజు కాపలాదారు మూడుసార్లు పేరు పిలుస్తాడు. పలికావా, సరే. మూడో పిలుపుకీ పలక్కపోతే అర్జీ కొట్టేస్తారు. ఇదంతా ఒకసారి పడింది. మళ్లీ పడాలి.

పడింది. మరుసటి ఏడాది కొత్త సభ కూర్చుంది. డీకన్ మళ్లీ అర్జీ రాశాడు, ఈసారి ఇంకా బాగా రాశాడు. "కాపాడవలసినవాడే విడిచిపోయినాడు. పిలిచితే పలుకలేదు, వ్రాసితే బదులు లేదు. తిండి పెట్టనివాడు, నీడ నియ్యనివాడు, హక్కు మాత్రము వదులుకొనలేదు. ఇట్టివానికి ఇంకను లోబడి యుండుట ఏ న్యాయము?" చదివి వినిపిస్తుంటే ఆయనకే కళ్లు చెమ్మగిల్లాయి. జెరూషాకు మాత్రం, ఇన్ని మాటలెందుకు, వెళ్లిపోయాడంటే సరిపోదా అనిపించింది. పత్రికలో మూడు వారాలూ పడింది. విచారణ జూన్ సమావేశాల్లో మూడో రోజు.

ఆ జూన్‌లో ఏ విచారణ జరుగుతుంది? అప్పటికే పక్క రాజ్యంలో, లెక్సింగ్టన్ దగ్గర, రాజుగారి సైన్యానికీ జనానికీ మధ్య తుపాకులు పేలాయి. గవర్నరు రాజుగారి పేర పత్రమిచ్చి పిలిపించిన ముగ్గురు సభ్యులు కొత్తగా వస్తే సభ వాళ్లను బయటికి గెంటింది. ఊరి జనం ఫిరంగి ఒకటి దొర్లించుకొచ్చి గవర్నరు వాకిటికి గురిపెట్టారు. ఆయన భార్యాబిడ్డలతో కోటలోకి పారిపోయాడు. సభ ఒకసారి వాయిదా, ఇంకోసారి వాయిదా. ఆగస్టులో గవర్నరు ఓడెక్కి వెళ్లిపోయాడు.

అక్కడితో ఊరుకున్నాడా అంటే అదీ లేదు. సెప్టెంబరులో ఓడ మీద తిరిగొచ్చి, తీరానికి ఎదురుగా జాలర్లు చేపలెండబెట్టుకునే రాతి దీవుల్లో దిగి, ఇంకా తన ఏలుబడిలోనే ఉన్నానని చెప్పుకోవడానికి అక్కణ్ణుంచి ఒక కాగితం పంపాడు. సభను వచ్చే ఏప్రిల్ ఇరవై నాలుగుకు వాయిదా వేస్తున్నాడట. జనం దాన్ని చదివి పడిపడి నవ్వారు. లేని సభను లేని గవర్నరు వాయిదా వేశాడు! జెరూషా ఒక్కతే నవ్వలేదు. ఆమె ఆ కాగితాన్ని పత్రికలోంచి కత్తిరించి బైబిల్లో దాచుకుంది. సభ ఏప్రిల్ ఇరవై నాలుగున కూర్చుంటే తన విచారణ ఇరవై ఆరున.

జనవరిలో ఎక్సెటర్ ఊళ్లో కొత్త సభ వెలిసింది. గవర్నరు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు గనుక, మమ్మల్ని దిక్కులేనివాళ్లను చేశాడు గనుక, మా పాలన మేమే చూసుకుంటామని రాసుకుని కూర్చున్నారు. అందులో డీకన్ కూడా ఉన్నాడు, జెరూషా నేసిన బూడిదరంగు కోటు వేసుకుని. ఇంగ్లండు గుడ్డ ఒంటి మీద పడనివ్వకూడదన్న పంతం వచ్చినప్పటినుంచీ ఆమె మగ్గానికి గిరాకీ పెరిగింది.

"కొత్త సభలో నా అర్జీ ఎప్పుడు చదువుతారండీ?" అని అడిగింది.

"యుద్ధం నెత్తి మీదుందమ్మా. మందుగుండు లేదు, ఉప్పు లేదు. పాత సభ కాగితాలు మేం తీసుకోవచ్చో లేదో కూడా తేల్చుకోలేదు. కాస్త ఓపిక పట్టు."

"మరి ఏప్రిల్ ఇరవై ఆరున పోర్ట్స్‌మత్ వెళ్లాలా?"

డీకన్ పకపకా నవ్వాడు. "వెళ్లి ఎవరికి చెప్పుకుంటావు, ఎలుకలకా?"

నవ్వినంత తేలిక కాదని ఆమెకు అనిపించింది. రేపు రాజుగారి సైన్యం గెలిస్తే? పాత సభే మళ్లీ కూర్చుంటే? పేరు పిలిచిన రోజున లేదు గనుక అర్జీ కొట్టేశామంటే అప్పుడు ఎవరి కాళ్లు పట్టుకోవాలి? ఆ ఏడాది ఎవరికి మాత్రం తెలుసు ఎవరు నిలుస్తారో! గవర్నరు మీద పళ్లు నూరిన పెద్దమనుషులు కూడా రాజుగారి ముద్ర ఉన్న నేల పత్రాలను పెట్టె అడుగున భద్రంగానే ఉంచుకున్నారు. ఆమెకున్న ముద్ర కాగితం ఇదొక్కటే. అందుకని ఇరవై ఆరు పొద్దున్నే డార్కస్‌ను పొరుగింట్లో వదిలి, నీళ్లు సముద్రంవైపు లాగే ఆటు మొదలవగానే పడవెక్కింది.

పోర్ట్స్‌మత్ సగం ఖాళీగా ఉంది. రాజుగారి ఓడలు ఫాల్మత్ ఊరిని తగలబెట్టినప్పటినుంచీ జనం లోపలి పల్లెలకు వెళ్లిపోయారు. సభామందిరం తాళంచెవులు ముసలి గిడియన్ దగ్గర ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా అక్కడ కాపలాదారు ఆయనే. మెట్ల మీద కూర్చుని పొగ పీలుస్తున్నాడు.

"ఇవాళ సభ ఉంది కదండీ? మూడో రోజు," అంది జెరూషా.

"ఏ సభమ్మా?"

ఆమె కత్తిరించిన ముక్క చూపించింది. గిడియన్ దాన్ని కళ్లకు దూరంగా పెట్టి చదివాడు. "ఇది రాసినాయన చేపల దీవిలో కూర్చుని రాశాడు. వినాల్సినవాళ్లు ఎక్సెటర్‌లో కూర్చున్నారు. నడుమ నేనొక్కణ్ణీ మిగిలాను. నన్ను ఉండమని ఒకరూ అన్లేదు, పొమ్మనీ అన్లేదు."

"తలుపు తియ్యండి తాతా. నా పేరు పిలవండి. పిలిచినప్పుడు నేను లేనని రేపెవరూ అనకూడదు. మీరు సాక్షిగా ఉంటే చాలు."

గిడియన్ ఆమె ముఖం చూశాడు. నవ్వబోయినవాడు నవ్వలేదు. పొగాకు గొట్టం దులిపి, లేచి, కోటు గుండీలు పెట్టుకుని తలుపు తీశాడు. లోపల బల్లల మీద దుమ్ము. గోడ మీద రాజుగారి పటం ఉన్నచోట తెల్లటి చదరం. జెరూషా వెళ్లి అర్జీదారులు నిలబడే కటకటాల దగ్గర నిలబడింది. గిడియన్ తన చోట తాను నిలబడి, గొంతు సవరించుకుని, నిండు సభలో పిలిచినట్టే పిలిచాడు.

"డ్రూ రేవు జెరూషా లెవిట్! జెరూషా లెవిట్! జెరూషా లెవిట్!"

"ఉన్నాను," అంది ఆమె. వినేవాడు లేకపోయినా తన మాట అక్కడ చెప్పగలిగింది కదా.

అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్ల అలవాటు. అర్జీదారు తర్వాత ఎదుటిపక్షాన్ని పిలవడం రివాజు. గిడియన్ ఆలోచించకుండానే పిలిచేశాడు.

"జోథమ్ లెవిట్! జోథమ్ లెవిట్! జోథమ్..."

"ఉన్నా ఉన్నా, వచ్చేశా," అన్నారెవరో వెనకనుంచి.

తలుపు దగ్గర జోథమ్ నిలబడి ఉన్నాడు. బట్టతల వచ్చింది, బొజ్జ వచ్చింది, నవ్వు మాత్రం అదే. చేతిలో నలిగిన పత్రిక ముక్క. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవాలని మూడు వారాలు అచ్చు వేయించింది ఆమే. గవర్నరు వాయిదా కాగితం కూడా పత్రికలోనే పడింది గనుక, మూడో రోజు ఏ రోజవుతుందో లెక్క కట్టుకోవడం అతనికీ వచ్చు.

"మూడు వారాలు నా పేరు ఊరూవాడా పిలిపించావే! మా అమ్మ కూడా అన్నిసార్లు పిలిచి ఉండదు," అన్నాడు. చుట్టూ చూశాడు. "ఏరీ పెద్దమనుషులు? నేను చెప్పుకుందామని రాత్రంతా మాటలు కూర్చుకొచ్చాను."

"సభ లేదు బాబూ," అన్నాడు గిడియన్, తను చేసిన పని అప్పటికి అర్థమై.

"లేదా? అయితే విచారణా లేనట్టే, విడాకులూ లేనట్టే." జోథమ్ టోపీ పెట్టుకున్నాడు. "అక్కడావిడ చలికాలంలో పోయింది జెరూషా. పిల్లలిద్దర్నీ వాళ్ల మేనమామ దగ్గర పెట్టాను. నాకూ ఒంట్లో బాగుండట్లేదు. పద ఇంటికి పోదాం, పోటు వచ్చే వేళైంది."

జెరూషా కటకటాలు వదల్లేదు. గిడియన్ వైపు చూసింది. గిడియన్ నేల చూపులు చూశాడు. ఎవరికి చెప్పుకోవాలి? గవర్నరు ఓడ మీద, డీకన్ ఎక్సెటర్‌లో, రాజుగారి పటం కూడా గోడ మీద లేదు. తిరుగు పడవలో జోథమ్ ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఎవరమ్మా ఈయన?" అని పడవవాడు ఆమెను అడిగాడు. "మొగుణ్ణయ్యా, ఇంకెవర్ని," అని జోథమే చెప్పుకున్నాడు.

అతను దుర్మార్గుడని చెప్పడానికి లేదు, అదే పెద్ద చిక్కు. కొట్టడు, తిట్టడు. మొక్కజొన్న జావ పెట్టినంత తింటాడు, బాగుందంటాడు. మామగారి కుర్చీలో కూర్చుంటాడు. డార్కస్‌కి చెక్క బాతు చెక్కిచ్చాడు. పదేళ్ల పిల్ల దాన్ని మొహమాటంగా తీసుకుని చూరులో పెట్టేసింది. మేలో ఊరిలో ఇరవై ఒకటి నిండిన మగవాళ్లందరికీ ఒక ప్రమాణపత్రం తెచ్చారు. రాజుగారి ఓడలనూ సైన్యాలనూ ప్రాణాలకు తెగించి ఎదిరిస్తామని సంతకాలు పెట్టాలి. జోథమ్ అందరికంటే పెద్ద అక్షరాలతో పెట్టాడు. దాంతో డ్రూ రేవు అతన్ని వీపు తట్టి కలిపేసుకుంది. జెరూషా నేసిన గుడ్డలు ఊరిలో సగం ఒళ్ల మీద ఉన్నాయి, కానీ ఆమెను సంతకం అడిగేవాళ్లు లేరు.

జూన్ మొదట్లో, భోజనం దగ్గర, ఆవు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"డార్కస్‌ని కెనెబెక్ పంపిద్దామనుకుంటున్నా. అక్కడ నా పిల్లలిద్దర్నీ చూసుకోవడానికి మనిషి కావాలి. దీనికి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అక్కడే పనిలో ఉండేట్టు ఒప్పందం రాసిస్తానన్నాను వాళ్ల మేనమామకి."

జెరూషా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నీ పిల్లల కోసం నా పిల్లనా?"

"అదీ నా పిల్లేనే. నేనేమన్నా పరాయివాళ్లకిస్తున్నానా? తోబుట్టువులంతా ఒకచోట ఉంటారు."

"దానికి పదేళ్లయ్యా! అది నా పక్కన తప్ప నిద్రపోదు."

"అలవాటవుతుంది," అన్నాడు జోథమ్, రొట్టె తుంచుకుంటూ. "జులైలో పడవ వస్తుంది."

ఆమె తెల్లవారగానే ఎక్సెటర్‌కు నడిచింది. పన్నెండు మైళ్లు. పాత అర్జీ నకలు రవికెలో పెట్టుకుంది. ఇప్పుడు వద్దనే గవర్నరు లేడు, సముద్రం అవతలి ఉత్తర్వుకు విలువా లేదు. సభ సరేనంటే చాలు, అడ్డుకునేవాడే లేడు. దారి పొడుగునా ఆమెకు అదొక్కటే బలం. డీకన్ బస చేసిన సారాయి దుకాణం వెనక పెరట్లో ఆయన్ని పట్టుకుని సంగతంతా చెప్పింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. కాగితం తీసుకుని నిలబడ్డచోటే చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ ఆయన ముఖంలో ఇంకో వెలుగు వచ్చింది.

"ఇది నేనే రాశానా? ఎంత బాగా రాశానమ్మా! రెండు రోజులు నా దగ్గరుంచు. సభలో మాట్లాడాలి, దీంతో పనుంది."

తన పని గురించే అనుకుంది ఆమె. ఎవరైనా అలాగే అనుకుంటారు. రెండు రోజులు ఆ దుకాణం వంటింట్లో చిక్కుళ్లు వలుస్తూ, గిన్నెలు తోముతూ కాచుకుంది. మూడో రోజు మధ్యాహ్నం వీధిలో కేకలు వినిపించి తడిచేతులతోనే బయటికి పరుగెత్తింది. సభ్యులు బయటికొచ్చేశారు. మనకూ ఇంగ్లండుకూ ఇక సంబంధం లేదని చెప్పమని, అన్ని రాజ్యాలూ కలిసి పెట్టుకున్న మహాసభలో కూర్చున్న తమ మనుషులకు రాసి పంపుతున్నారట, అందరూ ఒక్కమాట మీద. దుకాణం అరుగు మీద డీకన్ నిలబడి, లోపల తను మాట్లాడిన మాటలు జనానికి మళ్లీ చదివి వినిపిస్తున్నాడు.

"కాపాడవలసినవాడే విడిచిపోయినాడు! పిలిచితే పలుకలేదు, వ్రాసితే బదులు లేదు! హక్కు మాత్రము వదులుకొనలేదు! ఇట్టివానికి ఇంకను లోబడి యుండుట ఏ న్యాయము?"

జనం టోపీలు ఎగరేశారు. ఒక ముసలాయన ఏడ్చేశాడు. ప్రతి మాటా జెరూషాకు తెలుసు. ప్రతి మాటా తన పొయ్యి పక్కన, తన గోడు విని ఆయన రాసుకున్నదే. ఒళ్లంతా మండినట్టయింది ఆమెకు. అయినా ఆశ చావలేదు. రాజు గురించే ఇంతలా ఒప్పుకున్నవాళ్లు జోథమ్ గురించి ఒప్పుకోరా? జనం పలచబడ్డాక దగ్గరికెళ్లింది.

"బాగా చదివారు. మరి నాదేమైందండీ?"

డీకన్ టోపీ తీశాడు.

"బల్ల మీద పెట్టించానమ్మా. తీసి చూశారు కూడా. కానీ విడిచిపోయాడని రాశాం కదా, మనిషి ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడాయె. ప్రమాణం మీద సంతకం పెట్టినవాడు. ఇలాంటి వేళ సంసారాలు విడగొట్టడం చూడ్డానికి బాగుండదన్నారు."

"పిల్లని పంపించేస్తున్నాడు డీకన్ గారూ."

"తండ్రి కదమ్మా."

"ఆ చట్టం రాజుగారిది కాదూ? రాజుగార్నే వద్దనుకున్నారుగా ఇప్పుడు మీరంతా!"

"రాజు పోతాడు గానీ చట్టాలు పోవు జెరూషా. మార్చేదాకా పాతవే నడుస్తాయని జనవరిలోనే అనుకున్నాం. లేకపోతే అంతా గందరగోళమైపోదూ? యుద్ధం కానీ. తర్వాత నేనే స్వయంగా..."

తర్వాత ఏమన్నాడో ఆమె వినలేదు. పన్నెండు మైళ్లూ వెనక్కి నడిచింది.

జులైలో కెనెబెక్ పడవ వచ్చింది. దానికి నాలుగు రోజుల ముందే పెద్ద కబురు కూడా వచ్చింది, పదమూడు రాజ్యాలూ ఒక్కటై రాజును కాదన్నాయని. ఊరంతా చర్చి గంట మోగించింది. ఒప్పందం మేజిస్ట్రేటు ఎదుట రాయాలి గనుక జోథమ్ డార్కస్‌ను తీసుకుని డీకన్ ఇంటికి వెళ్లాడు. జెరూషా కూడా వెనకే వెళ్లింది, ఎవరూ పిలవకపోయినా. డీకన్ ఆమె కళ్లలోకి చూడలేదు. అచ్చు కాగితం ఒకటి తీశాడు. పైన "మన ప్రభువైన జార్జి రాజుగారి ఏలుబడిలో" అని ఉంది. కొత్తవి ఇంకా అచ్చు కాలేదు. ఆయన కలం ముంచి రాజుగారి పేరు మీద అడ్డంగా ఒక్క గీత గీశాడు. ఎంత తేలిగ్గా పోయిందో! కింద మిగతా అచ్చంతా అలాగే ఉంది: ఫలానా తండ్రి, ఫలానా కూతుర్ని, ఇన్నేళ్లకు.

"తల్లి సంతకం ఎక్కడండీ?" అని అడిగింది జెరూషా.

"తల్లికి చోటు లేదమ్మా ఇందులో," అన్నాడు డీకన్ మెల్లగా.

జోథమ్ మళ్లీ పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున రేవులో డార్కస్ ఏడవలేదు. తల్లి ఏడుస్తుందేమోనని బిగబట్టుకుంది. జెరూషా దానికి మూడు జతల మేజోళ్లు, కొత్త నారబట్ట గౌను మూట కట్టిచ్చింది. గౌను రెండేళ్ల ఎదుగుదలకు సరిపోయేలా అంచు మడిచి కుట్టింది. మిగతా ఆరేళ్లకు ఎలా కుట్టాలో ఆమెకు తెలియలేదు.

"అమ్మా, చూరులో బాతు ఉంది. నాకొద్దు, నువ్వూ ఉంచుకోకు," అంది డార్కస్ చెవిలో.

"సరే తల్లీ. వాళ్లేం పెట్టినా తిను. అలిగి మానెయ్యకు."

"నువ్వొస్తావా నాకోసం?"

వస్తానంది. అబద్ధమని తెలిసీ అంది. కెనెబెక్ ఎంత దూరమో, దారిలో ఎన్ని రాజుగారి ఓడలో ఆమెకు తెలుసు.

ఆటు మొదలైంది. పడవ తాడు విప్పారు. నది వంపు దాకా కనిపిస్తుంది, ఆ తర్వాత చెట్లు అడ్డం. జోథమ్ అప్పటికే ఇంటి దారి పట్టాడు. డీకన్ మాత్రం దూరంగా నిలబడి ఉన్నాడు, ఆమె నేసిన కోటులో. జెరూషా నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పిలిచింది.

"డార్కస్!"

"ఉన్నానమ్మా!"

పడవ వంపు దగ్గర పడింది. గొంతు చీలిపోయేలా మళ్లీ పిలిచింది.

"డార్కస్!"

"ఉన్నా..." అన్నట్టు వినిపించింది, సగం.

పడవ చెట్ల వెనక్కి వెళ్లింది. ఆమె మూడోసారి పిలిచింది. పలుకు కోసం చాలాసేపు నీళ్లలో అలాగే నిలబడింది. డీకన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.